సూసమ్మ బోర్లించని కుండ

అనగనగా అంటే ఎప్పుడని నన్నడగబాకండి. మా అమ్మమ్మ నాకు చెప్పేనాటికే అది పాత కత. ఉప్పు అప్పుడూ తెల్లగానే ఉంది, సముద్రం అప్పుడూ ఉప్పగానే ఉంది. మనుషులు మాత్రం ఇప్పటికంటే కాస్త ఎక్కువ భయపడేవాళ్ళు. అప్పటి మాట ఇది. మధ్యలో లేచి నీళ్ళకి పోయారంటే నేను మళ్ళీ మొదటికి రాను, ముందే చెప్తున్నా. అదిగో కుండ, దాని మీద ముంత. తాగి వచ్చి కూర్చోండి.

తాగారా? సరే, వినండి.

సముద్రం పక్కన పలకలపాలెం అని ఒక ఊరు. ఊరంటే ఎంత, ముప్పై పాకలు. ఊరి ముందు ఉప్పుమళ్ళు. కాలవలోంచి సముద్రపు నీళ్ళు మళ్ళలోకి తోలుకోవడం, ఎండకి ఆరబెట్టడం, కొయ్య పలకతో ఉప్పు లాగి కుప్ప పొయ్యడం. అదే వాళ్ళ పని, అదే వాళ్ళ కూడు. మళ్ళు దాటితే పర్ర. పర్ర అంటే తెలుసుగా? ఉప్పు తేలిన చవిటి నేల. గడ్డిపోచ మొలవదు, పిట్ట వాలదు, నీడ అనేదే ఉండదు. రెండు కోసుల పర్ర దాటితే అవతల పడవల రేవు.

ఆ పర్రలో ఒకడున్నాడని ఊళ్ళో చెప్పుకునేవాళ్ళు. వాడి పేరు దప్పికోడు. ఎవరూ చూసినోళ్ళు లేరు. విన్నవాళ్ళే అందరూ. ఎప్పుడన్నా ఒకరోజు, పొద్దు సరిగ్గా నడినెత్తికి వచ్చేసరికి పర్ర మీంచి పిలిచేవాడు.

"దాహం... దాహం... దాహం..."

మూడుసార్లు. అంతే. తర్వాత గాలి తప్ప ఏమీ ఉండదు.

పలికితే వాడు నీ గొంతు తీసుకుపోతాడు. తర్వాత నీ గొంతుతోనే నీ వాళ్ళని పిలుస్తాడు. అందుకని ఊళ్ళో ఒక కట్టడి ఉండేది. పొద్దు నడినెత్తికి రాగానే వాకిట్లో నీళ్ళు లోపలికి ఒంపుకుని, కుండ బోర్లించేవాళ్ళు. తడిక వేసేవాళ్ళు. నోరు మూసుకునేవాళ్ళు. నీడ మళ్ళీ జానెడు పొడుగయ్యేదాకా ఎవరు పిలిచినా సరే, కన్నతల్లి పిలిచినా సరే, పలికేది లేదు.

ఊళ్ళో సగం మంది కిరస్తానీలు. ప్రార్థనకి ఒక తాటాకు పాక ఉంది. ఆదివారం రేవు నుంచి అయ్యగారు నడిచొస్తే గొంతులు చించుకుని పాడేవాళ్ళు. ఆ పాడినోళ్ళే సోమవారం మధ్యాహ్నం కుండ బోర్లించేవాళ్ళు. నవ్వబాకండి! మీరైనా అంతే, నేనైనా అంతే.

పర్ర వైపు చివరి పాక సూసమ్మది. ఆమె మొగుడు ప్రసంగి. పిల్లల్లేరు. ఆమె ఉప్పు లాగితే, ఆయన కావిడి మీద రేవుకి మోసేవాడు. ఆయన మొలకి ఎప్పుడూ ఒక ఇత్తడి ముంత వేలాడుతుండేది. ఎప్పుడో కింద పడి దాని అంచుకి సొట్ట పడింది. "మార్చరాదా" అంటే, "నా పై పెదవికి సరిగ్గా సరిపోయిందే, ఎందుకు మార్చాలి" అనేవాడు. సరసగాడు పాపం.

ఒకరోజు ప్రసంగి రేవుకి పోయినోడు పొద్దెక్కినా రాలేదు. పొద్దు నడినెత్తికి వచ్చింది. సూసమ్మ కుండ బోర్లించింది. తడిక వేసింది. నోరు మూసుకుంది.

అప్పుడు పిలుపొచ్చింది.

"సూసీ... దాహమే..."

తడిక మీద చెయ్యి వేసింది. పక్క పాకలోంచి ముసలమ్మ గోడకి నోరానించి గుసగుసగా అంది, "పలకబాకే! వాడే! ప్రసంగి గొంతు తీసుకున్నాడు!"

"సూసీ... నీళ్ళే..."

ఆమె చెయ్యి తడిక మీదే ఉంది.

"సూసీ..."

మూడోది చాలా సన్నగా వచ్చిందట. సూసమ్మ నోట్లో కొంగు కుక్కుకుని కూర్చుంది.

నీడ జానెడు పొడుగయ్యాక తడిక తీసింది. వాకిలికి నూరడుగుల్లో ప్రసంగి బోర్లా పడి ఉన్నాడు. కళ్ళు బైర్లు కమ్మి, దారి కనపడక, ఇంటి ఎదురుగానే చచ్చిపోయాడు. చేతిలో ముంత. ముంత ఖాళీ.

అయ్యో అనండి, తప్పులేదు.

గోతిలో దించేటప్పుడు సూసమ్మ ఆ ముంత నిండా మంచినీళ్ళు పోసి ఆయన పక్కన పెట్టింది. ఊరంతా చూస్తుండగా మన్ను కప్పారు. అప్పుడు పోసి ఏం లాభం?

ఆదివారం అయ్యగారు వచ్చాడు. అందరూ పోయాక సూసమ్మ ప్రార్థన పాకలోనే కూర్చుండిపోయింది.

"అయ్యగారూ, నేను వినలేదని అబద్ధం చెప్పను. విన్నాను. మూడుసార్లు విన్నాను. నాకు పరలోకం ఉందంటారా?"

అయ్యగారు ఎదురు ప్రశ్న వేశాడు. "సిలువ మీద ప్రభువు ఏమడిగాడో గుర్తుందా అమ్మా?"

"నీళ్ళండీ. దాహమన్నాడండీ."

"ఏ వేళప్పుడు?"

"మిట్టమధ్యాహ్నం దాటాకండీ."

"ఎవరైనా ఇచ్చారా?"

"పులిసిపోయిందేదో నోటికి పెట్టారండీ." సూసమ్మ తల తిప్పింది. పాక బయట తెల్లగా మెరుస్తున్న పర్ర వైపు చూసింది. "అయితే అయ్యగారూ, ఆయన ఇంకా దాహంగానే ఉన్నాడన్నమాట."

పెద్ద చదువు చదివిన అయ్యగారు ఆమెకి చేతులు జోడించాడు.

మర్నాడు తెల్లారకముందే సూసమ్మ ఇసక దిబ్బల్లోని చెలమకి పోయి రెండు కుండలు తెచ్చింది. ఒకటి ఇంట్లోకి, ఒకటి వాకిట్లోకి. పొద్దు నడినెత్తికి వచ్చింది. ఊరంతా కుండలు బోర్లించారు. తడికలు వేశారు. నోళ్ళు మూసుకున్నారు. సూసమ్మ తన కుండ బోర్లించలేదు. తడిక వెయ్యలేదు. గడపలో కూర్చుని ఎదురుచూసింది.

ఆ రోజు పిలుపు రాలేదు. ఆ నెలంతా రాలేదు. మరో నెలకి వచ్చింది.

"దాహం..."

సూసమ్మ లేచింది. చిన్న కుండ చంకనెత్తుకుని ఊరంతా వినపడేట్టు అరిచింది.

"వస్తున్నా, ఉండు!"

పాకల్లో జనం తడికలకి చెవులానించారు. పలికింది! సూసమ్మ పలికింది! ఇక దాని పని అయిపోయిందనుకున్నారు. సూసమ్మ పర్రలోకి నడిచి నడిచి పోయింది. అక్కడ పడి ఉన్నది దప్పికోడా? గాజులమ్మి! రేవు నుంచి గాజుల మలారం నెత్తినెత్తుకుని వస్తూ దారి తప్పిన మనిషి. సూసమ్మ నీళ్ళు పట్టింది, భుజానేసుకుని ఇంటికి తెచ్చింది.

ఊళ్ళో సంతోషించారనుకున్నారా? సాయంత్రం చెంచురామయ్య మేస్త్రి వచ్చి వాకిట్లో నిలబడ్డాడు. ఉప్పుమళ్ళకి పెద్ద ఆయనే.

"ఏమే సూసమ్మా, నీకు బుర్రుందా? ఈసారి మనిషి కాబట్టి సరిపోయింది. వాడే అయితే? నీ గొంతు తీసుకుని ఊరంతటినీ పిలుస్తాడు. మా పిల్లలు చావాలా?"

"దాహమన్నారు మేస్త్రిగారూ."

"ఇంకోసారి పలికావంటే పలక కింద పెట్టి పాలెం వదిలి పో. మళ్ళు నావి, పాక నాది. యాడికి పోతావో నీ ఇష్టం."

ఆమెకి ఉన్నవి ఆ మడి, ఆ పాక. అవి పోతే ఆ మొగుడి గోరీ కూడా దూరమే. "అట్టాగేనండీ" అంది. అంది గానీ, మర్నాడు మధ్యాహ్నం కుండ మాత్రం బోర్లించలేదు.

రెండో పిలుపు ఆ ఎండాకాలం చివర్లో వచ్చింది. అదేం చిత్రమో, మేస్త్రి గొంతుతో వచ్చింది.

"ఎవరన్నా ఉన్నారా... దాహం..."

మేస్త్రి ఇంట్లో పెళ్ళాం బిడ్డలు విన్నారు. కుండ బోర్లించారు. తడిక వేశారు. నోరు మూసుకున్నారు. ఆయన పట్టుబట్టి నిలబెట్టిన కట్టడే మరి! తన గొంతు విని కూడా తన ఇల్లు పలక్కపోతే ఎట్టా ఉంటుందో ఆ పూట చెంచురామయ్యకి తెలిసింది.

పలికింది ఎవరు? మీరే చెప్పండి.

"వస్తున్నా, ఉండు!"

కాలవ గట్టు తెగితే చూడబోయి, బురదలో తొడల దాకా దిగబడిపోయి ఉన్నాడు మేస్త్రి. సూసమ్మ ముందు నీళ్ళు పట్టింది. తర్వాత పలక అడ్డం వేసి బయటికి లాగింది. పాలెం వదిలి పొమ్మన్నావుగా అనలేదు. నువ్వెవరని కూడా అడగలేదు. "ఇంకాస్త తాగుతారా?" అని మాత్రం అడిగింది.

ఆ తర్వాత మేస్త్రి ఆమెని పొమ్మనలేదు. సిగ్గుతో ఆమె మొహం కూడా చూసేవాడు కాదు. కానీ మధ్యాహ్నమయ్యేసరికి ఆయన వాకిట్లో కుండ మళ్ళీ బోర్లానే. ఏం చేస్తాం? భయం ఒంట్లో పాతుకుపోయినాక పీకెయ్యడం అంత తేలిక్కాదు.

అట్టా చాలా ఏళ్ళు గడిచాయి. పిలుపొస్తే సూసమ్మ పోయేది. ఒక్కోసారి మనిషి దొరికేవాడు. ఒక్కోసారి ఎవరూ ఉండరు, ఉత్త పర్ర. అప్పుడేం చేసేదో తెలుసా? ఒక ముంతెడు నీళ్ళు నేల మీద పోసి, "తాగు నాయనా" అని వెనక్కొచ్చేది. ఆ పోసిన చోట నీళ్ళు ఇంకేటప్పుడు గుటక వేసిన చప్పుడు వినపడుతుందని ఆమే ఒకసారి గాజులమ్మితో అందట. నాకు తెలియదు. నేను చూడలేదు.

సూసమ్మ తల నెరిసింది. నడుం వంగింది. చెలమ నుంచి కుండ తేవాలంటే మూడుచోట్ల ఆగాల్సొస్తుంది. అప్పుడొచ్చింది ఆమె విన్న ఆఖరి పిలుపు. జాగ్రత్తగా వినండి.

ఆ రోజు గాలి లేదు. పర్ర మీద ఎండమావులు కాలవల్లా పారుతున్నాయి. ఊరంతా కుండలు బోర్లించారు. తడికలు వేశారు. నోళ్ళు మూసుకున్నారు.

"సూసీ... నీళ్ళే..."

పక్క పాకలో ముసలమ్మ ఎప్పుడో పోయింది. ఆమె కోడలు గోడకి నోరానించి ఏడుస్తూ అంది, "అత్తా, పోబాకు! మామ పోయి ఇరవయ్యేళ్ళయింది! ఇది వాడే! ఇన్నాళ్ళకి నీకోసమే వచ్చాడు!"

సూసమ్మ వాకిట్లో కుండ ఎత్తుకుంటోంది.

"మీ మామ కాదని నాకూ తెలుసే అమ్మాయ్. పోయినోళ్ళు రారు."

"మరి ఎందుకు పోతావు?"

"ఎవడైతే ఏందే? దాహమన్నాడు. ఒకసారి విని కూర్చున్నా. మళ్ళీ కూర్చోలేను."

"సూసీ..."

"వస్తున్నా, ఉండు!"

తడికల సందుల్లోంచి ఊరంతా చూసింది. సూసమ్మ కుండతో మళ్ళు దాటింది. పర్రలో దిగింది. ఎండమావిలో ఆమె ఆకారం వంకర్లు తిరిగింది. అప్పుడు ఆమె ముందు ఇంకొక ఆకారం కనపడింది. పొడుగ్గా, కావిడి మోసేవాళ్ళ మాదిరి ఒక భుజం కిందికి వంచి నడుస్తోంది. ఆమె ఆగితే అదీ ఆగింది. ఆమె నడిస్తే అదీ నడిచింది. నడిచి నడిచి రెండూ తెల్లటి వెలుగులో కలిసిపోయాయి.

నీడ జానెడయింది. ఇంకో జానెడయింది. సూసమ్మ రాలేదు.

ఇక తడికలు తీసి కుండలు నిలబెడుతుండగా పిలుపొచ్చింది. ఊరి పక్కనే, మళ్ళ గట్టు మీంచి. సూసమ్మ గొంతు.

"దాహం..."

కుండలు మళ్ళీ బోర్లించారు.

"దాహం..."

తడికలు మళ్ళీ వేశారు. చూశావా, అన్నంతా అయింది, దాని గొంతు తీసుకున్నాడు, ఇప్పుడు మనల్ని పిలుస్తున్నాడు అని పిల్లల నోళ్ళు చేతుల్తో మూశారు.

"దాహం..."

చెంచురామయ్య అప్పటికి ముసలోడైపోయాడు. మంచం మీద కూర్చుని మూడోది విన్నాడు. లేచి తడికని ఒక్క తన్ను తన్నాడు. పెళ్ళాం కాళ్ళు పట్టుకుంది. "అది సూసమ్మ కాదయ్యా! దప్పికోడు!"

"అయితే కానియ్యవే! దప్పికోడికి మాత్రం కావాల్సింది నీళ్ళేగా! ఇన్ని తరాలుగా వాడు అడుగుతున్నది అదొక్కటేగా! మన గొంతు వాడికెందుకే?"

కుండ నిండా నీళ్ళు ముంచుకుని భుజానికెత్తుకున్నాడు. వాకిట్లో నిలబడి అరిచాడు.

"వస్తున్నా, ఉండు!"

ఒక తడిక తీసిన చప్పుడయింది. ఇంకొకటి. ఇంకొకటి. ఎండ ఇంకా మండిపోతుండగానే ఊరంతా కుండలెత్తుకుని పర్రలో దిగింది.

గట్టు మీద ఎవరూ లేరు. గొంతు ఇంకాస్త ముందు నుంచి వినపడింది. అక్కడికి పోతే ఇంకా ముందు నుంచి. అట్టా ఒక కోసు నడిపించింది, ఇంకో అరకోసు నడిపించింది. రేవు ఇంకా అరకోసు ఉందనగా, ఒక కాలవ గట్టు దగ్గర ఆగిపోయింది.

అక్కడుంది సూసమ్మ. గట్టుకి ఆనుకుని కూర్చుని ఉంది. కుండ పక్కన, చుక్క లేకుండా ఖాళీ. చీర కొంగు రెండు చేతులా చాచి పట్టుకుని ఉంది. మేస్త్రి దగ్గరికి పోయి ముట్టుకున్నాడు. చెయ్యి కొయ్యబారిపోయింది. పెదవుల మీద ఉప్పు పేరుకుంది. ప్రాణం పోయి చాలాసేపయింది. అక్కడి నుంచి ఊరికి కోసున్నర. బతికున్న మనిషి అరిచినా వినపడదు.

ఆమె చాచిన కొంగు నీడలో, ఆమె ఒళ్ళో, ఒక ఆడపిల్ల. ఆరేడేళ్ళుంటాయి. పడవ మునిగి కొట్టుకొచ్చిన పిల్ల. పెదవులు తడిగా ఉన్నాయి. ఊపిరి ఆడుతోంది.

మేస్త్రి ఆ పిల్లకి నీళ్ళు పట్టి, ఎత్తుకుని అడిగాడు. "ఈ అమ్మ ఎప్పుడొచ్చిందమ్మా?"

"తాత తీసుకొచ్చాడు."

"ఏ తాత?"

"ముందు తాత ఒక్కడే వచ్చాడు. నాకు నీళ్ళు పట్టాడు. అయిపోయినాయి. ఇంకా కావాలని ఏడ్చాను. మా ఇంట్లో కుండ ఉంది, తెస్తానుండు అని పోయాడు. అమ్మని తీసుకొచ్చాడు. అమ్మ నీళ్ళన్నీ నాకే పట్టింది. తర్వాత నిద్రపోయింది."

"మరి తాత ఏడమ్మా?"

పిల్ల అటూ ఇటూ చూసింది. తెలియదన్నట్టు తలాడించింది. చేతిలో ఉన్నది చూపించింది. "ఇది నన్ను పట్టుకోమన్నాడు."

ఇత్తడి ముంత. అంచుకి సొట్ట.

తిరిగొస్తూ ప్రసంగి గోరీ దగ్గర ఆగి చూశారు. ఇరవయ్యేళ్ళ మన్ను గట్టిగా, ఉప్పు తేలి, ఎట్టున్నది అట్టానే ఉంది. గునపం పడిన ఆనవాలు కూడా లేదు.

సూసమ్మని ఆయన పక్కనే పెట్టారు. ఆ నడిచింది ఎవరని అయ్యగారిని అడిగితే, ప్రభువు ఏ రూపంలోనైనా దాహమడుగుతాడన్నాడు. పక్కింటి కోడలు ప్రసంగి మామే అంది. మేస్త్రి మాత్రం చచ్చేదాకా ఒకటే మాట. "ఎవరో నాకక్కర్లేదు. ఆమెకీ అక్కర్లేకపోయింది." నన్నైతే అడగబాకండి, నేను చెప్పను.

పలకలపాలెంలో ఆ రోజు నుంచి మధ్యాహ్నం ఎవరూ కుండ బోర్లించరు. తడిక వెయ్యరు. వాకిట్లో నిండు కుండ, దాని మీద ముంత. ఎవరు పిలిచినా ముందు "వస్తున్నా, ఉండు" అంటారు, ఎవరని అడిగేది తర్వాత. మంచి శుక్రవారం నాడు ప్రార్థన పాకలో, ఇప్పుడది పెంకుటిల్లేలెండి, సిలువ మీది మాటలు చదువుతూ అయ్యగారు దాహమన్న చోటికి రాగానే, ఊరంతా, చంటిపిల్లల తల్లులతో సహా, లేచి నిలబడి ఒక్క గొంతుతో అంటారు, "వస్తున్నా, ఉండు!" కొత్తగా వచ్చిన అయ్యగార్లు ఉలిక్కిపడతారు.

ఇంకొక సంగతి. పర్ర మీంచి పిలుపులు ఇప్పుడు వినపడవు. బదులు వినపడుద్ది. నడిపొద్దప్పుడు, ఎవరూ పిలవకుండానే, దూరంగా ఒక ఆడమనిషి గొంతు "వస్తున్నా, ఉండు" అంటుంది. అది వినపడిందంటే పలకలపాలెం వాళ్ళు చేతిలో పని వదిలేసి కుండలెత్తుకుని పరిగెడతారు. పర్రలో ఎవరో పడి ఉంటారు. ఉన్నారా లేరా అని వాళ్ళు అనుమానపడరు.

ఆ పిల్ల ఏమైందంటారా? పాలెంలోనే పెరిగింది, ఉప్పు లాగింది, పెళ్ళాడింది. మా అమ్మమ్మకి అమ్మమ్మ ఆమె. సూసమ్మ ఆఖరి కుండ నీళ్ళ మీద పుట్టుకొచ్చినవాళ్ళం మేమంతా.

నమ్మకపోతే పోండి, నాకేం. ఇందాక మీరు నీళ్ళు తాగారే, ఆ ముంత ఇట్టా ఇవ్వండి. అంచు మీద వేలు పెట్టి తడిమి చూడండి.

చూశారా? సరే. కుండ మీద పెట్టెయ్యండి. బోర్లించకుండా పెట్టండి.